నూలు పున్నమికి వచ్చిన ఉప్పు

నర్సింహులు సార్ నోటుపుస్తకం మూసి, పెన్నుకు మూత పెట్టారు. ఆ చిన్న చప్పుడుతోనే నాకు తెలిసిపోయింది, ఆయన ఇక రాయరని.

వీపనగండ్ల నుంచి రెండు బస్సులు మారి వచ్చారాయన. బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాక, మన పాలమూరులో పుట్టిన గొప్పవాళ్ల జీవితాలు చిన్న చిన్న పుస్తకాలుగా రాసి అచ్చు వేయిస్తున్నారు. వాటిలో నాలుగు నేను చదివాను. చదివి ఉత్తరం రాసింది కూడా నేనే, మా అన్న గురించి కూడా ఒకటి రాయమని.

అది మృగశిర కార్తె. వాన ఇంకా పడలేదు. మా అన్న బాలకిష్టయ్య మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, నేత ఆపకుండానే సార్‌కు జవాబులు చెప్పాడు. గద్వాల చీరకు నడుమ నూలు, అంచుకు పట్టు. రెండూ కలిసే చోట, పోగు మోసుకొచ్చే నాడె అందుకుని తిప్పి పంపడానికి అవతలి పక్క ఇంకో మనిషి కావాలి. ఇరవై ఏళ్లుగా ఆ మనిషిని నేను. అందుకని సార్ అడిగిందీ, అన్న చెప్పిందీ అంతా విన్నాను.

"చిన్నప్పుడు మీ విషయంలో ఏదైనా వింత జరిగిందా అయ్యా?"

"జరిగింది సార్. మా నాయిన ఒక దినం తాగకుండ ఇంటికొచ్చిండు."

"మీ గురువుగారు మీకు ఎట్ల దర్శనమిచ్చిండ్రు?"

"మా గురువు గొర్లు కాసేటాయన. దర్శనం కావాల్నంటే దొడ్డికాడికి పోవాలె. ముక్కు మూసుకోని పోవాలె."

"పోనీ, మీ బోధ ఏందో రెండు మాటల్లో చెప్పండి."

"ఉన్నది కదలదు, కదిలేది లేదు. రెండే మాటలు సార్. మూడోది నాకు రాదు."

సార్ నవ్వారు గానీ, రాసుకోలేదు. బయట చెప్పులేసుకుంటూ నాతో మెల్లగా అన్నారు: "మనిషి మంచోడేనమ్మా. కానీ పుస్తకం కాదు. పుట్టిండు, నేసిండు, గురువారం గురువారం తత్వాలు పాడిండు. చదివేటోనికి పట్టుకునేందుకు ఏదో ఒకటి ఉండాలె కద. పది పేజీలు గూడ రావు."

నేను బడి మొహం చూడనిదాన్ని. జరీ డబ్బాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఆ తర్వాత లైబ్రరీలో దొరికిన మహనీయుల జీవితాలన్నీ చదివాను. విషం గిన్నె చేతికిచ్చినా చెయ్యి వణకని సోక్రటీసు గురించి చదివాను. ఎక్కడో వేరే దేశంలో కళ్లద్దాలు సానబట్టుకుని బతికిన ఒకాయనను సొంత కులపోళ్లే వెలివేసిన సంగతి చదివాను. మన దేశపు సాధువుల గురించి చెప్పనే అక్కర్లేదు. వాళ్లలో ఎక్కువమందిలో నాకు కనిపించింది ఒకటే. తమ పోక వాళ్లకు ముందే తెలుసు. పోయే రోజు చెప్పి మరీ పోయారు. అది ఉన్నవాడికే పుస్తకం ఉంది. మా అన్నకు అది లేదు. అందుకే పుస్తకం లేకుండా పోతోంది.

"సార్, ఒక్క మాట," అన్నాను. "మా అన్న ఎవ్వరికి చెప్పొద్దన్నడు."

సార్ ఒక చెప్పు వేసుకుని, ఇంకో కాలు గాలిలోనే ఉంచి ఆగారు.

"మా గురువు డెబ్బై ఏడో ఏట, నూలు పున్నమి దినం పోయిండు సార్. ముందుగాల చెప్పి, కూసున్న కాడ్నే కన్ను మూసిండు. మా అన్న గూడ నాకు గదే ఏడు, గదే పున్నమి అన్నడు."

గురువు డెబ్బై ఏడో ఏట పోయింది నిజం. నూలు పున్నమికి, అంటే శ్రావణ పున్నమికి, పోయింది నిజం. కానీ పోయింది కర్నూలు దవాఖానలో. ఎవరికీ ఏమీ చెప్పలేదు, చెప్పే స్థితిలో లేడు. మా అన్న అన్నాడని చెప్పిన మాట పూర్తిగా నాది. అన్నకు అప్పుడు డెబ్బై మూడు. ఇంకా నాలుగేళ్ల సంగతి, అప్పటికి ఎవరికి గుర్తుంటుందిలే అనుకున్నాను.

సార్ గోడకు ఆనుకుని, నోటుపుస్తకం మోకాలి మీద పెట్టుకుని గబగబా రాసుకున్నారు. తర్వాత నా మేనల్లుడు శివశంకర్‌ను పిలిచి, "మీ నాయన పుట్టిన తేదీకి ఏదన్న కాగితముందా? ఆధారం లేకుండ నేను అక్షరం రాయను," అన్నారు.

"ఆధారమేంది సార్, ఆధారే ఉంది," అని వాడు కార్డు తెచ్చి ఇచ్చాడు. అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను.

*

ఆషాఢంలో పుస్తకం వచ్చింది. నలభై ఎనిమిది పేజీలు. అట్ట మీద మా అన్న ఎండకు కళ్లు చికిలించుకుని ఉన్నాడు. సార్ ఒక కట్ట మాకు పంపించి, మిగతావి ఊళ్లకు పంచేశారు.

ఎవరి జీవితం చేతికొచ్చినా నేను ముందు చివరి అధ్యాయం చదువుతాను. నా మొగుడు పనికని భివండి బస్సెక్కిన రోజు నేను పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వాకిట్లోకి కూడా రాలేదు. ఆయన మళ్లీ రాలేదు. మా అమ్మ దవాఖానకు పోతూ "చింతపండు నానబెట్టు" అని పోయింది. అదే ఆఖరి మాట. ఎవరు ఎట్లా పోయారో ముందే తెలిస్తే, తక్కిన పేజీలు నిమ్మళంగా చదవగలను.

చివరి అధ్యాయంలో ఇలా ఉంది: "ఈ శ్రావణ పౌర్ణమికి డెబ్బై ఏడో ఏట అడుగుపెట్టి ఉన్న బాలకిష్టయ్యగారు, తమ గురువు బాటలోనే ఆనాడు దేహం చాలిస్తామని సెలవిచ్చారు."

ఈ శ్రావణం అని ఉంది. నాలుగేళ్ల తర్వాతి శ్రావణం కాదు.

కార్డు తీసి చూశాను. ఎప్పుడో, పింఛను తొందరగా రావాలని నాలుగేళ్లు ఎక్కువ వేయించాం. ఆ రోజు కార్డు రాసే బల్ల ముందు నిలబడి అన్న వయసు చెప్పింది కూడా నేనే. అన్నకు సిగ్గేసి నోరు రాకపోతే, వెనక నుంచి నేను చెప్పాను. నా రెండు అబద్ధాలు చెరో దిక్కు నుంచి నడిచొచ్చి ఒకే పున్నమి మీద కూర్చున్నాయి.

క్యాలెండర్ మీద వేలు పెట్టి లెక్కపెట్టాను. ముప్ఫై ఏడు రోజులుంది.

అన్నకు చదువు రాదు. "సదువే, నా బతుకు నాకు తెల్వాలె కద," అని మగ్గం పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చదివాను. తండ్రి తాగిన సంగతి సార్ "కుటుంబ కష్టాలు" అని రాస్తే అన్న పడీపడీ నవ్వాడు. గొర్ల దొడ్డిని "ఆశ్రమ ప్రాంగణం" అని రాస్తే దగ్గు వచ్చేదాకా నవ్వాడు. చివరి అధ్యాయం రాగానే నేను పుస్తకం మూసేశాను.

"అయిపోయింది."

"నలభై ఎనిమిది పేజీలన్నడు శంకర్. గంతలనే అయిపాయెనా?"

"ఎనక సార్ రాసిన వేరే పుస్తకాల పేర్లున్నయి అన్నా."

ఆ గురువారం సాయంత్రం కురుమయ్య అయిజ నుంచి వచ్చాడు. ముప్ఫై ఏళ్ల నాటి శిష్యుడు, గురువారం తప్పనివాడు. వస్తూనే మా అన్న కాళ్ల మీద పడి బొబ్బలు పెట్టి ఏడ్చాడు.

"ఏందిరా కురుమయ్యా, ఎవరు సచ్చిండ్రు?" అన్నాడు అన్న.

"నవ్వకు సామీ. మాకు ఒక్క మాట జెప్పకపోతివి. నా మనుమరాలు సదివి జెప్పింది. నూలు పున్నమికి పోత అన్నవంట. పుస్తకంల అచ్చైంది."

తువ్వాలలో చుట్టి తెచ్చిన పుస్తకం తీసి అన్న ఒళ్లో పెట్టాడు. ఉన్న ఏడెనిమిది మందీ అటే వంగి చూశారు. అన్న ఆ అట్టను ఒకసారి చూసి, మెల్లగా తల తిప్పి నా వైపు చూశాడు.

నేను నా కాలివేళ్లు చూసుకున్నాను.

"నేననలే" అంటే సరిపోయేది. అప్పుడు ఆ మాట ఎంత తేలిక! నేను అన్నా సరిపోయేది. ఇద్దరం అనలేదు. అన్న కురుమయ్య తల మీద చెయ్యి వేసి, "లే, లేసి నీళ్లు తాగు. పాట మొదలువెడదం," అన్నాడు. తంబుర అందుకున్నాడు.

*

తర్వాతి గురువారానికి నలభై మంది వచ్చారు. ఆ పై వారం వాకిలి పట్టలేదు. వీపనగండ్ల నుంచి, సోమశిల దిక్కు నుంచి, పేరు వినని పల్లెల నుంచి కూడా వచ్చారు. ఆడవాళ్లు పిల్లల్ని తెచ్చి అన్న కాళ్లకు ఆనించి తీసుకుపోయేవాళ్లు. నలభై ఏళ్లుగా ఆయన పాడుతున్న పాటలే, ఇప్పుడు వింటూ కళ్లు తుడుచుకునేవాళ్లు.

"నాయిన ఇంత గొప్పోడని మనకే తెల్వకపాయె అత్తా," అన్నాడు శివశంకర్. వాడి కళ్లలో గర్వం, దాని అడుగున బెదురు.

"గొప్పోడే," అంది వాడి పెళ్లాం సౌజన్య, గిన్నెలు తోముతూనే. "మరి గొప్పోడు గోలీలెందుకు మింగుతలేడో అడుగుర్రి జర."

అన్నకు షుగర్ ఉంది, బీపీ ఉంది. పొద్దున రెండు, మాపున రెండు గోలీలు. నూలు కండెల బుట్ట అడుగున చెయ్యి పెట్టి తీసి చూపించింది సౌజన్య. విప్పని గోలీల పట్టీలు. లెక్కపెడితే పద్దెనిమిది రోజులవి.

అప్పటినుంచి మగ్గం అవతల కూర్చున్నా నా చూపు చీర మీద ఉండేది కాదు. ఆయన పాదాలు వాచి మెరుస్తున్నాయి. తొక్కుడు చెక్క మీద కాలు ఆలస్యంగా పడుతోంది. నాడె నా దగ్గరికి వచ్చేసరికి నేను నాలుగుసార్లు ఊపిరి తీసుకుంటున్నాను. ఇదివరకు రెండుసార్లే.

పున్నమి ఇంకా పదిరోజులుందనగా వాకిట్లో ఒక ట్రాలీ ఆటో ఆగింది. ఎనిమిది బస్తాలు దించి అరుగు మీద పేర్చారు. సౌజన్య ఒక బస్తా మూలను చీరి చూసింది. గళ్ల ఉప్పు.

"ఏంది గిదంత? గద్వాల మొత్తానికి ఊరగాయ పెడుతున్నమా?"

ఆటో వెనక వచ్చిన కురుమయ్య చేతులు నలుపుకున్నాడు. "సామిని కూసోవెట్టినంక సుట్టూర పొయ్యాలె కద బిడ్డా."

మా బోధలో గురువును కాల్చరు. గుంట తవ్వి, బతికి ఉన్నప్పటిలాగే బాసిపీట వేయించి కూర్చోబెట్టి, చుట్టూ ఉప్పు నింపుతారు. సౌజన్యకు అది తెలుసు. కానీ తెలిసినదాన్ని బస్తాల్లో చూడటం వేరు.

కురుమయ్య అప్పటికే పెరట్లోకి నడిచాడు. సీతాఫలం చెట్టుకూ స్నానాల గదికీ నడుమ తాడు పట్టి కొలుస్తున్నాడు. అడ్డమొచ్చిందని బట్టలారేసే తీగ విప్పాడు.

"మా మామ లోపల అన్నం తింటుండు!" అని అరిచింది సౌజన్య. "ఆ తీగె ఎట్ల ఉండెనో గట్లనే కట్టు. కట్టినంకనే ఈడికెంచి కదులు!"

లోపల్నుంచి మా అన్న గొంతు వినిపించింది: "అరే కురుమయ్యా, అది తడి జాగరా. నాకు సలి వెడతది."

బయట ఉన్నవాళ్లంతా నవ్వారు. కురుమయ్య కూడా నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. ఏడుస్తూనే తాడును రెండు మూరలు ఇవతలికి జరిపాడు.

*

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి, మగ్గం అవతల కూర్చునే చెప్పాను. నాడె చేతిలో పట్టుకున్నాను, తిరిగి పంపలేదు.

"అన్నా. ఆ మాట నేనే జెప్పిన, సార్‌తోని."

"తెల్సు."

"ఎట్ల తెల్సు?"

"నేను అనలేదని నాకు తెల్వదా? ఇంట్ల ఇంకెవ్వరికి కత అల్లనీకె రాదు. శంకర్‌కు బస్సు టైమే సక్కగ జెప్పరాదు. నాడె పంపు."

పంపలేదు. "మరి కాదని ఎందుకు జెప్పవు?"

ఆయన అంచు మీద వేలు రాశాడు.

"నలభై ఏండ్లు జెప్పిన తిరుపతీ. ఉన్నది కదలదురా, వచ్చేది లేదు, పొయ్యేది లేదు అని. ఏడుగురు విన్నరు. అండ్ల ముగ్గురు నిద్రవోయిండ్రు. గిప్పుడు పోతున్న అని పుస్తకంల వడ్డది, అంతే. ఎంతమంది వచ్చిండ్రో సూసినవా? నేను జెప్పిందాని కోసం రాలే. జెప్పనిదాని కోసం వచ్చిండ్రు."

"అయితే జెప్పు వాళ్లకు!"

"జెప్తే, 'మరి ఇన్ని దినాలు ఎందుకు ఊకున్నవు' అంటరు. ఏమనాలె? నాకు మంచిగనిపించింది అనాల్నా?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "ఇంగ పోనీ. నువ్వు సదివి వినిపిస్తివి కద, ఇసం గిన్నె ఇస్తే తాగినాయన. ఉరుకనీకె దారి ఉండి గూడ ఉరుకలేదని."

"ఆయనకు ఇసం ఇచ్చింది పగోళ్లు అన్నా."

అన్న చెయ్యి చాచాడు. నాడె ఇచ్చేశాను.

మర్నాడు సౌజన్య ఫోన్ తీసుకుని పెరట్లోకి పోయి సార్‌కు చేశాను. జరిగిందంతా చెప్పాను.

"ఎంత పని చేసిండ్రమ్మా," అన్నారు.

"అచ్చు తప్పు పడ్డదని జెప్పుర్రి సార్. మీ కాళ్లు మొక్కుత."

"నేను రాసింది మీరు చెప్పిందే కద. తేదీ, కార్డు మీద ఉన్నదే కద. ఇప్పటిదాంక పదకొండు పుస్తకాలు రాసిన. ఒక్కదాంట్ల గూడ ఒక్క అక్షరం తప్పని ఎవరు అనలే." ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఆ దినం నేనొస్త. మీరే నిలబడి చెప్పాలె. నేను పక్కన ఉంట," అన్నారు.

నేనే చెప్పాలి. ఆ తొమ్మిది రోజులూ చెప్పే మాటలు లోపల్లోపల కూర్చుకునేదాన్ని. అన్నం కలుపుతూ కూర్చుకునేదాన్ని, కండెలు చుడుతూ కూర్చుకునేదాన్ని. చెబితే ఈ జనం నన్నేం చేస్తారో అనే భయం ఒకటి. చెప్పకపోతే అన్నను ఏం చేస్తారో అనే భయం ఇంకొకటి. రెండు భయాలకూ నడుమ, ఎవరికీ చెప్పుకోలేనిది మరొకటి ఉంది. ఆ అట్ట మీద అన్న బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఇంకా సంతోషంగానే ఉండేది.

*

నూలు పున్నమి రోజు మా వాడలో మగ్గాలు ఆడవు. పొద్దున్నే మగవాళ్లు పాత జంధ్యం తీసి కొత్తది వేసుకుంటారు. ఆ రోజు మా అన్న కొత్త పోగు వేసుకుని, తెల్ల పంచె కట్టుకుని, అరుగు మీద ఉప్పు బస్తాల పక్కన వేసిన పీట మీద కూర్చున్నాడు. రాత్రి నుంచి ఏమీ తినలేదు. మొహం ఉబ్బి ఉంది. పెరట్లో కురుమయ్య తవ్వించిన గుంట మీద తాటాకుల చాప కప్పి ఉంది. నేను అటు చూడలేదు.

వాకిలి నిండింది, వీధి నిండింది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి మొక్కి, టెంకాయ పెట్టి పక్కకు జరుగుతున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. చంటిపిల్లలు కూడా ఏడవడం లేదు. అంతమంది ఒక మనిషి ఆగిపోవడం కోసం ఓపిగ్గా ఎదురుచూడటం నేను అంతకుముందు చూడలేదు, మళ్లీ చూడకూడదు.

నర్సింహులు సార్ ఇస్త్రీ చొక్కాలో, చంకలో నోటుపుస్తకంతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. నన్ను చూసి తల ఊపారు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. అన్న కళ్లు మూసుకున్నాడు. ముందు వరసలో ఎవరో "అదిగో" అన్నారు. జనమంతా ఒక్కసారి ముందుకు ఒరిగారు.

నేను లేచి నిలబడ్డాను. గోడ పట్టుకున్నాను.

"అయ్యలారా... ఆ మాట... ఆ పుస్తకంల మాట..."

అందరూ నా వైపు తిరిగారు. కురుమయ్య మొహం నాకు బాగా కనిపించింది. ముప్ఫై ఏళ్లుగా నా చేతి నీళ్లు తాగిన మనిషి. నిజం చెబితే ఆ కళ్లు నన్నెట్లా చూస్తాయో తెలిసింది. తర్వాతి మాట రాలేదు.

"కూసో, తిరుపతీ," అన్నాడు అన్న.

మూసిన కళ్లు తెరిచాడు. నన్ను చూస్తున్నాడు.

"కూసో, నేను జెప్త." జనం వైపు తిరిగాడు. "అందరు ఇనుర్రి. నేను ఎన్నడు గట్ల అనలే. ఇయ్యాల పోత అని నేను ఎవ్వరికి జెప్పలే. సార్ సక్కగ ఇనలేదు. తప్పు రాసిండు."

నేను సార్ వైపు చూశాను. ఆయన చంకలోని నోటుపుస్తకంలో నా మాటలు, ఏ రోజు చెప్పానో ఆ తేదీతో సహా, ఆయన చేతిరాతలో ఉన్నాయి. తీసి చూపిస్తే అయిపోయేది. ఆయన చెయ్యి ఆ పుస్తకం మీదకి పోయింది కూడా. నన్ను చూశారు, పీట మీద మా అన్నను చూశారు. చెయ్యి కిందికి దించేశారు.

"నిజమేనయ్యా," అన్నారు. "నేనే తప్పు రాసిన. నన్ను క్షమించుర్రి."

"సౌజన్యా," అన్నాడు అన్న, "అన్నం వెట్టు బిడ్డా. ఆకలైతుంది."

సౌజన్య పరుగున వెళ్లి కంచంలో అన్నం, పప్పుచారు తెచ్చింది. అన్నానికి ముందు అరచేతిలో రెండు గోలీలు పెట్టింది. అన్న గోలీలు మింగాడు. అంతమంది చూస్తుండగా అన్నం కలుపుకుని తిన్నాడు. కంచం చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

ముందుగా లేచింది ఆడవాళ్లు. పెట్టిన టెంకాయలు తిరిగి సంచుల్లో వేసుకున్నారు. "ఇంత మోసమా," అన్నారు ఎవరో. ఇంకెవరో సార్ మొహాన పుస్తకం విసిరారు. అది ఆయన అద్దాలకు తగిలి కిందపడింది. ఆయన అద్దాలు సరిచేసుకుని, వంగి పుస్తకాన్ని కూడా తీసుకుని, బస్టాండు వైపు నడిచారు. ఆయన వెనక కొంతమంది తిట్టుకుంటూ పోయారు. కురుమయ్య అందరికంటే చివర లేచాడు. అన్నతో ఒక్క మాట మాట్లాడలేదు. పెరట్లోకి పోయి, గుంటను తానే మన్నుతో పూడ్చి, చేతులు కడుక్కోకుండా వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

నేను కూర్చునే ఉన్నాను. అన్న నన్ను కూర్చోమన్నాడు కదా.

*

గురువారాలు ఆగిపోయాయి. అన్న గోలీలు వేసుకుంటున్నాడు. ఎదురుగా నిలబడి మింగేదాకా సౌజన్య కదలదు. కాళ్ల వాపు తగ్గింది. చీరలు నేస్తున్నాడు. కానీ పాడటం లేదు. తంబుర దించి తుడుస్తున్నాను, తీగ బిగించి పెడుతున్నాను, ఆయన ముట్టుకోడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"సార్ మీద అబద్ధం జెప్పిన కద," అన్నాడు, అంచు మీంచి కళ్లు ఎత్తకుండా. "గా నోటితోని తత్వం వాడితే నాకే నవ్వొస్తది."

సార్‌కు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. కొత్త పుస్తకాలేవీ రావడం లేదని లైబ్రరీ ఆయన చెప్పాడు.

భాద్రపదంలో మబ్బు పట్టిన ఒక పొద్దున జబీన్ అనే నర్సు పిల్ల ఇల్లిల్లూ తిరిగి బీపీ చూస్తూ మా ఇంటికి వచ్చింది. అన్న మగ్గం గుంటలోంచి చెయ్యి బయటికి చాచాడు. ఆ పిల్ల పట్టీ చుట్టి, గాలి కొట్టి, చూసి, పరవాలేదంది. రిజిస్టరు తెరిచింది.

"తాతకు ఎన్నేండ్లు?"

"కార్డు తెస్త బిడ్డా," అని లేచాను.

"కార్డుల ఏజ్ తోని పరేషాన్ అమ్మా, అందరిది తప్పే ఉంటది. దవాకు అసలుది కావాలె. అసలుది జెప్పుర్రి."

మగ్గం ఆగింది. అన్న నా వైపు చూస్తున్నాడు. కోపం లేదు, నవ్వు లేదు. నేను ఏం చెబుతానో వినడానికి చూస్తున్నాడు, అంతే.

ఈసారి అబద్ధం చెప్పదలచుకోలేదు.

"డెబ్బై మూడు," అన్నాను.

జబీన్ రాసుకుంది. మా అన్న ఎడమచెయ్యి పైకెత్తి, డెబ్బై ఏడు దాకా లెక్కపెడుతున్నట్టు, బొటనవేలితో వేళ్లు ఒక్కొక్కటీ తాకుతూ మడిచాడు. నాలుగు వేళ్లూ మడిచాక ఒక క్షణం ఆ పిడికిలి చూసుకున్నాడు. తర్వాత దాన్ని విప్పి, నాడె నా వైపు పంపాడు.